ఇంటిపేరు అడగని వనభోజనం

కార్తీకమాసం వచ్చిందంటే మా యింటికి పెళ్ళి శుభలేఖల కంటె వనభోజనాల పిలుపులే ఎక్కువ వస్తాయి. పూర్వం మనిషి వచ్చి, గుమ్మంలో నిలబడి, బొట్టు పెట్టి పిలిచేవారు. ఇప్పుడు సెల్‌ఫోనులోకి రంగురంగుల బొమ్మ వచ్చి పడుతుంది. బొమ్మలో ఒక ఉసిరిచెట్టు, చెట్టు కింద విస్తరాకు, పైన శివుడు, శివుడి పక్కన సంఘాధ్యక్షులవారు. శివుడి కంటె అధ్యక్షులవారు ఒక అంగుళం పెద్దగానే వుంటారు. కింద బంగారు రంగు అక్షరాలతో కులం పేరు. "కుటుంబ సమేతంగా విచ్చేయండి" అని వుంటుంది గాని, ఏ కుటుంబమైనా అని అర్థం కాదు లెండి.

వాటిని తిట్టిపోయడానికి నేనీ కాగితం పట్టుకోలేదు. ఊరుకి కొత్తగా బదిలీ అయి వచ్చినవాళ్ళకి అక్కడ నలుగురు పరిచయమవుతారు. ఆడపిల్లల తల్లులు ఒక చెట్టు కింద కూచుంటే, ఆకు తీసేలోపల రెండు సంబంధాలు మాట్లాడేసుకుంటారు. చదువుకోలేని పిల్లవాడికి ఎవరో ఫీజు కడతామంటారు. మా మరిది ఇంటరు చదివింది అలాంటి ఒక సంఘం వారి హాస్టల్లో వుండే. ఆ అన్నం అరిగిపోయిందని మరిచిపోయేవాళ్ళం కాదు మేము.

అయితే నిరుడు ఒక సంగతి జరిగింది.

ఆ ఆదివారం నేను పేపర్లు దిద్దే పనిలో వుండి వెళ్ళలేదు. మావారూ, మా అత్తయ్యగారూ, ఇంటరు చదివే మా అమ్మాయీ వెళ్ళారు. అమ్మాయి తన స్నేహితురాల్ని కూడా వెంట తీసుకుపోయింది. ఆ పిల్ల మా కాలేజీ కెమిస్ట్రీ మేడంగారి అమ్మాయి. ఇద్దరూ మూడో క్లాసు నుంచి ఒకే బెంచీ. ఒకళ్ళ యింట్లో దోసెలు పోస్తే రెండోవాళ్ళ యింట్లో ఒక ఆకలి తగ్గుతుంది. తోట గేటు దగ్గర ఒక పెద్దమనిషి బల్ల వేసుకుని, పేర్లు రాసుకుని, భోజనాల టోకెన్లు ఇస్తున్నాడు. మా అమ్మాయి పేరు రాసుకున్నాడు. పక్కపిల్లని చూసి, ఎంతో మర్యాదగా, "మీ యింటిపేరేమిటమ్మా?" అన్నాడు.

ఆ పిల్ల చెప్పింది. ఆయన కలం ఒక్క క్షణం ఆగింది. తరవాత నవ్వి, "దానికేముందమ్మా, రండి, తినండి, మన పిల్లల్లాంటివారే" అని వేరే రంగు టోకెను ఒకటి ఇచ్చాడు. దాని మీద "అతిథి" అని వుంది. కసిరింది లేదు, పొమ్మన్నది లేదు. వడ్డించేవాళ్ళు కొసరి కొసరి వడ్డించారట కూడా. కాని ఆ పిల్ల సగం బూరె కొరికి ఆకు మడిచేసిందని, తిరిగి వచ్చేటప్పుడు కిటికీలోంచి చూస్తూ కూచుందని మా అమ్మాయి చెప్పింది. ఆ పచ్చ టోకెను మా అమ్మాయి పుస్తకంలో చాలాకాలం వుండడం నేను చూశాను.

ఈ కార్తీకంలో మళ్ళీ ఆ రంగుల బొమ్మ రాగానే మా అమ్మాయి ఒకటే మాట అంది: "అది రాకపోతే నేనూ రాను." మావారు ఇరుకున పడ్డారు. ఆ సంఘంలో పెద్దలంతా ఆయనకు బంధువులు కాకపోతే బంధువులకు బంధువులు. మా అత్తయ్యగారి వేలువిడిచిన చెల్లెలు ఒకావిడ ఫోను చేసి, "నిరుడు వచ్చి ఈసారి మానేస్తే నలుగురూ ఏమనుకుంటారు? రేపు పిల్ల పెళ్ళికి ఎవరి దగ్గరికి వెళతారు?" అని కూడా అంది. పిల్ల పెళ్ళి మాట ఎత్తాక మధ్యతరగతి సంసారంలో వాదన ముందుకు సాగడం కష్టమని మీకు తెలియనిది కాదు.

నేను తెలుగు ఎం.ఏ. చదివినదాన్ని. ఇంట్లో చిక్కు వస్తే పుస్తకాల బీరువా వైపు చూసే జబ్బొకటి వుంది. చెట్టు కింద సామూహికంగా కూచుని తినడం గురించి మన సాహిత్యంలో అన్నిటికంటె అందమైన ఘట్టం పోతనగారి భాగవతం దశమస్కంధంలో వుంది. కృష్ణుడూ గొల్లపిల్లలూ ఏటి ఒడ్డున చల్దులు ఆరగించే ఘట్టమది. తామరపువ్వు చుట్టూ రేకుల్లా పిల్లలు కృష్ణుడి చుట్టూ కూచుంటారు. కొందరికి ఆకులు కంచాలు, కొందరికి రాళ్ళు, కొందరికి చెట్టు బెరడు. ఒకడి మూటలోది ఇంకొకడు లాగేసుకుంటాడు, వాణ్ణి మరొకడు ఏమారుస్తాడు. కృష్ణుడు ఎడమచేతిలో పెరుగన్నం ముద్ద, వేళ్ళ సందుల్లో ఊరగాయ ముక్కలు పెట్టుకుని అందరితో మేలమాడుతూ తింటాడు. నేను ఈ పాఠం చెప్పినప్పుడల్లా క్లాసులో వెనక బెంచీ వాళ్ళు కూడా నిద్ర మానేస్తారు. వాళ్ళు ఎంగిలి అనుకోలేదా మేడం, అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. అనుకోలేదు నాయనా. యజ్ఞభోక్త అయినవాడు గొల్లపిల్లలతో కలిసి తింటుంటే దేవతలు పైనుంచి ఆశ్చర్యంగా చూశారనే కవి చెప్పేది.

పుస్తకంలో అలా వుంది. బజారులో ఎలా వుండేదో చూద్దాం. డబ్బిచ్చి బయట భోంచేయడం మనకు కొత్తేమీ కాదు. క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభశెట్టి అనే స్నేహితులిద్దరు కాకతీయుల ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. అక్కడ పూటకూటింట ఒక్క రూకకి సన్నన్నం, గోధుమపిండి వంటకం, పెసరపప్పు, అప్పుడే కాచిన నెయ్యి, అరటిపళ్ళు, గడ్డపెరుగు దొరికేవట. చదువుతుంటే నోరూరుతుంది. కన్యాశుల్కం నాటికి ఆ పూటకూళ్ళిల్లు నడిపేది ఒక వితంతువు. ఆ నాటకం మొదట ఆడింది 1892 లో. ఆవిడ చీపురుకట్ట ఆడినంత బాగా మన సాహిత్యంలో మరే ఆయుధమూ ఆడలేదు. అన్నం అమ్ముకుని బతికే స్త్రీ అంటే లోకానికి చులకన. ఆవిడ చెయ్యి అన్నం మాత్రం కావాలి!

తరవాత కాఫీ హోటళ్ళు వచ్చాయి. ఉడిపి వైపు నుంచి వచ్చినవాళ్ళు ఊరూరా ఇడ్లీ, దోసె, కాఫీ నేర్పారు. వాటితోపాటు బోర్డులూ వచ్చాయి. "బ్రాహ్మణ హోటలు" అని పైన రాసి వుండేది. కొన్నిచోట్ల లోపల వేరే గదులుండేవి. ఇంకా కిందివాళ్ళనుకున్నవాళ్ళకి ఏ గదీ లేదు. 1950 లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం పదిహేనో అధికరణంలో అంగళ్ళు, హోటళ్ళు, వినోదశాలలు అని పేరు పెట్టి మరీ, కులం, మతం కారణంగా ఎవరినీ గుమ్మంలో ఆపకూడదని రాశారు. దేశం తల రాసే గ్రంథంలో ఇడ్లీ హోటలుకి చోటెందుకు అని మొదటిసారి చదివినప్పుడు నాకు వింతగా తోచింది. అంత పెద్దవాళ్ళు పనిలేక రాశారా? 1955 లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. బోర్డుల మీద మాటలు అప్పటికీ పోలేదు. 1957 లో మద్రాసు ట్రిప్లికేనులో ఒక కాఫీ హోటలు బోర్డు మీద "బ్రాహ్మణ" అనే మాట తీసెయ్యమని పెరియార్ అనుచరులు రోజుల తరబడి ఆందోళన చేశారు.

ఇవన్నీ భోజనాల బల్ల దగ్గర మావారికి చెబుతుంటే అత్తయ్యగారు కందిపప్పు ఏరుకుంటూ విన్నారు. ఆవిడకి డెబ్భై ఆరేళ్ళు. "మా నాన్న కోర్టు పని మీద రాజమండ్రి వచ్చేవాడు. హోటల్లో మంచినీళ్ళు కూడా పుచ్చుకునేవాడు కాదు. మరచెంబుతో నీళ్ళు, అటుకుల మూట వెంట తెచ్చుకుని గోదావరి గట్టున కూచుని తినేవాడు" అన్నారు. తన పెళ్ళయిన కొత్తలో మామయ్యగారు ఆవిణ్ణి సినిమాకి తీసుకెళ్ళి, దారిలో హోటలుకి తీసుకెళ్ళారట. "ఫ్యామిలీ రూము" అని రాసిన చెక్కగది, దానికొక మాసిన తెర. సర్వరు తెర పక్కకి జరిపినప్పుడల్లా ఆవిడ కొంగు సర్దుకునేవారట. "ఇడ్లీ రుచి గుర్తు లేదే అమ్మాయ్. తెర మీద నూనె మరకలు మాత్రం గుర్తున్నాయి."

కాసేపు పప్పు ఏరి, తలెత్తకుండానే అడిగారు: "సంఘం వాళ్ళ భోజనాలకి నిరుడు వెళ్ళాంగా. మైకులో ఎన్ని గంటలు మాట్లాడార్రా?" మావారు, "రెండున్నర" అన్నారు. "పులిహోర?" "చల్లారిపోయింది." "మరి అంత దూరం ఎందుకు? మన యిష్టం వచ్చినవాళ్ళతో మనమే ఎక్కడికైనా పోదాం. ఉసిరికొమ్మ నేను తెస్తాను" అన్నారావిడ. ఆవిడ రాజ్యాంగం గురించి ఒక్క ముక్కా అనలేదు.

అలా నాలుగు కుటుంబాలం పోగయ్యాం. మేము, కెమిస్ట్రీ మేడంగారూ, వాళ్ళమ్మగారూ, పిల్లలూ, మా కాలేజీ లైబ్రేరియన్‌గారూ ఆయన బేగం, పక్కింటి బ్యాంకువారు. బ్యాంకువారికీ ఆ రంగుల బొమ్మ వచ్చింది. ఆయన భార్య, "మీరు అక్కడికి వెళ్ళండి, నేను వీళ్ళతో వెళతాను" అంటే ఆయన కూడా ఇటే వచ్చాడు. ఒకే ఒక్క నియమం పెట్టాను: ఆడవాళ్ళెవరూ ముందురోజు రాత్రి పొయ్యి దగ్గర నిలబడకూడదు. వనభోజనాలంటే మగవాళ్ళకి వనం, ఆడవాళ్ళకి భోజనాలు అన్నట్టు తయారైంది మన తంతు. మూడు గంటలకి లేచి పులిహోర కలిపి, అప్పాలు వేయించి, తీరా తోటకి వెళ్ళాక నిద్ర తూగేవాళ్ళని ఎంతమందిని చూడలేదు! టిఫిను హోటల్లో, భోజనం దారిలో ఒకావిడకి ముందుగా చెప్పి వండించుకోవడం, ఖర్చు తలా యింత. కార్తీకం కాబట్టి మాంసం ప్రసక్తి వద్దా అని నేను నసుగుతుంటే లైబ్రేరియన్‌గారు, "మేడం, మేము వచ్చేది గోదావరి చూడ్డానికి. మాంసం మా యింట్లోనూ వుంది" అన్నారు.

ఉదయం ఏడింటికి టిఫిను. రాజమండ్రిలో ఆదివారం పొద్దున్న హోటల్లో బల్ల దొరకడం అంటే రైల్లో కిటికీ పక్క సీటు దొరకడమే. తినేవాళ్ళ వెనక నిలబడి, వాళ్ళ ఆఖరి ముద్ద కోసం ఎదురుచూడాలి. పదిహేనుమందిమి మూడు బల్లలకి సర్దుకున్నాం. అత్తయ్యగారికి దిబ్బరొట్టె చెప్పాం. మినప్పిండి మందంగా పోసి సన్నసెగ మీద అడుగు ఎర్రగా కాలేదాకా వుంచుతారు కదా, దానికి చెరకు పానకం తోడైతే ఆవిడకి ఇంకేమీ అక్కర్లేదు. పిల్లలకి ఉప్మా పెసరట్టు. ఆవిడ హోటలు చుట్టూ తేరిపార చూసి, "తెరలేవీ లేవేం?" అన్నారు. బయటికొచ్చాక రోజ్‌మిల్కు తాగాం. రాజమండ్రి వచ్చి రోజ్‌మిల్కు తాగకుండా పోతే ఆ ప్రయాణం చెల్లదని మా అమ్మాయి సిద్ధాంతం. ఎనిమిదింటికే అంత చల్లటిది ఎందుకే అంటే వినేవాళ్ళెవరు?

ధవళేశ్వరంలో ఆనకట్ట దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. కాటన్ దొర 1847 లో మొదలుపెట్టి 1852 లో పూర్తి చేసిన ఆ పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది కొత్త బారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. లైబ్రేరియన్‌గారు పిల్లలకి పాఠం చెప్పబోతే వాళ్ళు బండి దిగనేలేదు. కాటన్ దొర ఈ డెల్టాకి వరి ఇచ్చాడని మనం పాఠాల్లో చదువుతాం. ఆ వరితో ఆడవాళ్ళు ఏం చేశారో చూడాలంటే ఆత్రేయపురం వెళ్ళాలి.

పూతరేకులు మీరంతా తినే వుంటారు. చేస్తుండగా చూడకపోతే మాత్రం ఒకసారి చూడండి. పూత అంటే పూయడం, రేకు అంటే తెలుసు. పేరులోనే పద్ధతంతా వుంది. బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలలా పల్చగా జారు చేస్తారు. ఒక కుండని పొయ్యి మీద బోర్లిస్తారు. అడుగు నున్నగా, అద్దంలా వుండాలి, గీత వుంటే రేకు చిరుగుతుంది. కుండ లోపల ఎండు కొబ్బరాకులతో మంట. తెల్లని పల్చని గుడ్డ ఆ జారులో ముంచి, రెండు కొసలూ పట్టుకుని, వేడి కుండ మీద ఒక్క లాగు లాగుతారు. లాగిన చెయ్యి వెనక్కి వచ్చేలోపల కుండ మీద పొర కడుతుంది, ఊడి వస్తుంది. పట్టుకుంటే బరువు తెలియదు. వెలుతురుకి పెడితే అవతలి మనిషి కనిపిస్తుంది. ఆ రేకుల్ని తడిబట్టతో కాస్త మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి, యాలకులు, జీడిపప్పు వేసి మడుస్తారు. 2023 లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకుముందు 2009 లో తిరుపతి లడ్డూకి, 2017 లో బందరు లడ్డూకి వచ్చిన గుర్తింపే ఇదీ.

మేము చూసిన ఇంట్లో నడివయసు స్త్రీ ఒకావిడ పొయ్యి ముందు కూచుని వుంది. మేము మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ చెయ్యి ఆగలేదు. ముంచడం, లాగడం, తీయడం, ఎడమచేత్తో ఆకు మంటలోకి తోయడం. మేము ఐదు నిమిషాలు నిలబడేసరికి కళ్ళు మండాయి. "మీకు మండవా?" అని మా అమ్మాయి అడిగితే, "మొదట్లో మండేవమ్మా. ఇప్పుడు పొయ్యి లేకపోతేనే తోచదు" అని నవ్వింది. అత్తగారి దగ్గర నేర్చుకుందట. కూతురికి నేర్పలేదట. "డిగ్రీ చదువుతోంది. దానికీ పొగ వద్దు" అంది. మనం పెట్టెలో జరీపట్టు చీరలా మడతలు పెట్టి కొనుక్కునే ఈ తీపి రేపు ఎవరు చేస్తారు అంటే నా దగ్గర జవాబు లేదు. అక్కడ నలుగురం కలిసి ఆరు డబ్బాలు కొన్నాం. బేరం ఆడబోయిన మావారి వంక కెమిస్ట్రీ మేడంగారు ఒక్క చూపు చూశారు. ఆయన సెల్‌ఫోను తీసి మారు మాట లేకుండా డబ్బు పంపేశారు.

లొల్ల లాకుల దగ్గరికి వచ్చేసరికి పన్నెండు దాటింది. కాలవ గట్టున పెద్ద చెట్లు, నీడ, లాకుల మీంచి దూకే నీటి చప్పుడు. సినిమావాళ్ళు ఎందుకు పదే పదే వస్తారో తెలుస్తుంది. ఉసిరిచెట్టు మాత్రం కనిపించలేదు. అత్తయ్యగారు సంచీలోంచి ఉసిరికొమ్మ తీసి మట్టిలో గుచ్చి, దీపం వెలిగించి, "చెట్టు లేకపోతే కొమ్మ చాలని పెద్దవాళ్ళే చెప్పారు" అన్నారు. లైబ్రేరియన్‌గారి బేగం నియమం తప్పి, రాత్రే సేమ్యా ఖీరు చేసుకొచ్చింది. "ఇది వంట కాదండీ, తీపి" అని ఆవిడ వాదన. చాపలు వేసుకుని ఎవరికి తోచినచోట వాళ్ళు కూచున్నాం.

కెమిస్ట్రీ మేడంగారి అమ్మగారు నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ పొద్దుటినుంచీ మా అత్తయ్యగారిని "వదినగారూ" అనే పిలుస్తున్నారు. ఆవిడకి ఎవరైనా వదినగారే, అది అలవాటు. మాటల్లో మళ్ళీ హోటళ్ళ ప్రసక్తి వచ్చింది. అత్తయ్యగారు తమ నాన్నగారి మరచెంబు కథ చెప్పారు. నర్సమ్మగారు విని, "మా ఊళ్ళో కాఫీ హోటలుండేదండీ. అరవై నాలుగో అరవై అయిదో. హోటలు బయట చూరుకి రెండు గ్లాసులు వేలాడేవి. అవి మావాళ్ళవి. నాన్న ఒకటి తీసి పట్టుకుంటే, పైనుంచి టీ పోసేవాడు. తాగి, కడిగి, మళ్ళీ అక్కడే తగిలించాలి. నన్ను ఎత్తుకునేవాడు, నేను దాన్ని తగిలించడం ఆటనుకునేదాన్ని" అన్నారు. ఆవిడ గొంతులో కోపమేమీ లేదు.

అత్తయ్యగారు ఏదో ఒకటి అనాలని కాబోలు, "మా నాన్నా అంతే కదమ్మా, ఆయనా హోటలు బయటే" అన్నారు.

నర్సమ్మగారు నవ్వారు. "వదినగారూ, మీ నాన్నగారు వద్దనుకుని బయట కూచున్నారు. మా నాన్నని వద్దని బయట కూచోబెట్టారు."

కాలవ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు కాసేపు. మా అమ్మాయి, దాని స్నేహితురాలూ తినడం ఆపి చూస్తున్నారు. నాకు మాట తోచలేదు. అత్తయ్యగారు చేతిలో ముద్ద అలాగే పట్టుకుని, "అదీ నిజమే" అన్నారు నెమ్మదిగా. ఇంకాసేపాగి, "ఆ లెక్కన మా నాన్న ఆకలితో చచ్చింది ఉత్తపుణ్యానికే" అన్నారు. అంతే, నర్సమ్మగారు పొట్ట పట్టుకుని నవ్వారు. అత్తయ్యగారికీ నవ్వాగలేదు. ఖీరు గిన్నె అటు తిరిగింది. ఆవిడ వద్దంటారేమోనని నేను కంగారుపడుతుంటే, "ఇంత పల్చగా చేశావేమే అమ్మాయ్, సేమ్యా వేయించలేదా?" అని బేగంని మందలిస్తూ రెండో గరిటె వేయించుకున్నారు.

తినడం అయ్యాక పిల్లలిద్దరూ కాలవ మెట్ల మీద కూచుని ఏదో చింపుతుంటే చూశాను. ఆ పచ్చ టోకెను. ముక్కలు నీళ్ళలో వేశారు. కాలవలో చెత్త వెయ్యకూడదని లైబ్రేరియన్‌గారు కేకలేశారు. ఆయనకేం తెలుసు!

ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి గుడి చూశాం. ఒకే శిలలో ముందు విష్ణువు, వెనక మోహిని. నర్సమ్మగారు గుడి బయట కూచుంటారేమో అనుకున్నాను. ఆవిడ చర్చికి పోయే మనిషి. "శిల్పం చూడ్డానికి ఏం?" అని ఆవిడే ముందు నడిచారు. వెనకవైపు మోహిని జడ దగ్గర ఇద్దరు ముసలమ్మలూ ఎంతసేపున్నారంటే మేము వెళ్ళి పిలుచుకు రావలసి వచ్చింది.

సాయంత్రం పుష్కరాల రేవు. గోదావరి మీద ఎండ వాలుతుంటే 1900 లో మొదలై 1997 లో రైళ్ళు మానేసిన హేవలాక్ వంతెన నల్లగా నిలబడి వుంది. గట్టున పిడత కింద పప్పు అమ్మేవాడి దగ్గర పిల్లలు గుమిగూడారు. పప్పుల రాశి మీద నిప్పుల పిడత పెట్టి వెచ్చగా వుంచి, ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి కాగితం పొట్లంలో ఇస్తాడు. కార్తీకంలో ఉల్లి తినని అత్తయ్యగారికి ఉల్లి లేకుండా ఒక పొట్లం కట్టించాం. "ఉల్లి లేకపోతే దీంట్లో ఏముంది" అని పొట్లం కట్టేవాడే సానుభూతి చూపించాడు. లెక్క వేస్తే బండి కిరాయితో కలిపి మనిషికి 600 రూపాయలు తేలింది. పూతరేకులు వేరే.

సోమవారం పొద్దున్నే వేలువిడిచిన చెల్లెలుగారి ఫోను. మేము రాలేదని అధ్యక్షులవారు పేరు పెట్టి అడిగారట. అత్తయ్యగారు అందుకున్నారు. "ఏం పెట్టారు?" అని అడిగారు. పులిహోర, బూరెలు, పనీరు కూర అని అటునుంచి జవాబు. "బూరెల్లో నెయ్యి పోశారా?" పోయలేదట. "మైకు?" మూడు గంటలట. అత్తయ్యగారు ఆ మాటకేమీ అనకుండా దిబ్బరొట్టె గురించి, మోహిని జడ గురించి, ఖీరు గురించి చెప్పుకుంటూ పోయారు. ఖీరు ఎవరు చేశారని ఆవిడ అడిగినట్టుంది. "లైబ్రరీ అబ్బాయి పెళ్ళాం. పేరు గుర్తులేదే, ముసల్దాన్ని కదా. మంచి పిల్ల. సేమ్యా వేయించడం రాదు, అంతే."

అటువైపు చాలాసేపు మాట లేదు. తరవాత ఆవిడ ఏదో అడిగింది. అత్తయ్యగారు ఫోను చేత్తో మూసి, నావైపు తిరిగి అన్నారు: "వచ్చే ఆదివారం కోరింగ మడ అడవులకి అన్నారుగా. బండిలో దీనికీ మనవరాలికీ చోటుంటుందా అని అడుగుతోంది."

రెండు సీట్లు లేవు, ఒకటుంది. మనవరాల్ని ఒళ్ళో కూచోబెట్టుకుంటే సరిపోతుందని చెప్పమన్నాను.